తడిగోనె కింద చేదుపువ్వు

నా రెండో కొడుకు పొద్దున్నే లేవడం మానేసిన సంగతి ముందు చెప్పాలి. అది తెలియకపోతే ఒక పువ్వు కోసం మేమంతా ఎందుకంత పాకులాడామో ఎవరికీ అర్థం కాదు.

కోడలు జ్వరంతో పోయిన ఏడాదే మా ఆకుతోటకు వేరుకుళ్ళు పట్టింది. తమలపాకు తీగకు ఆ తెగులు వచ్చిందంటే ఇక పీకి కాల్చేయడమే. తోట పజుండౌంగ్ పాయకు అవతల ఉంది, మా మావగారు వేసింది. ఆ పాయను మా వాళ్ళు గెడ్డ అంటారు. యాంగోన్‌లో ఏ వీధి మలుపు తిరిగినా కిళ్ళీ బడ్డీ ఉంటుంది. మా వైపు బడ్డీలకు చాలావరకు మా ఆకే వెళ్ళేది. నా కొడుకు నడక నేర్చింది ఆ తీగల మధ్యనే. భార్యను సాగనంపి వచ్చిన మర్నాడు కూడా తోటకు వెళ్ళి నీళ్ళు పెట్టాడు. తోట పోయాక మాత్రం చాప మీంచి లేవలేదు.

జబ్బు కాదు. డాక్టరు చూసి ఒంట్లో ఏమీ లేదన్నాడు. పిలిస్తే పలుకుతాడు. అన్నం పెడితే నాలుగు మెతుకులు కతికి పళ్ళెం పక్కకు జరుపుతాడు. ఆ మిగిలింది నేనే తినేదాన్ని, మా ఇంట్లో మెతుకు పారేయడం లేదు. లుంగీ మార్చుకోమంటే మార్చుకుంటాడు, చెప్పకపోతే లేదు. వాడి కూతురు ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనికి వెళ్తుంది. పొద్దున గుమ్మంలో నిలబడి "నానా, ఎల్లొత్తాను" అనేది. "ఊఁ" అనేవాడు. సాయంత్రం అది తిరిగొచ్చేసరికి అదే చాప, అదే పక్క.

నాకు ఊరడించడం చేతకాదు. తిట్టడం ఒక్కటే వచ్చు.

"యాభై దాటనేదు, సేతులున్నాయి, కాళ్ళున్నాయి, నీకేటిరా ఈ పడక?" అనేదాన్ని.

వాడు వినేవాడు. కోపమైనా తెచ్చుకుంటాడేమో అని చూసేదాన్ని. కోపం కూడా రాలేదు.

అలాంటి రోజుల్లో సయా వచ్చాడు. అహ్లోన్ రేవు దగ్గర పాత బియ్యం మిల్లు షెడ్డులో ఆయన బీరు కాస్తాడు. పెద్ద కంపెనీ ఏమీ కాదు, కొన్ని పీపాలు, ఇద్దరు పనివాళ్ళు. పని తెలిసిన పెద్దమనిషిని ఇక్కడ సయా అంటారు, మేమూ అలాగే పిలిచాం. కిళ్ళీ బడ్డీవాడు చెప్పగా మా ఇల్లు వెతుక్కుంటూ మెట్లెక్కి వచ్చాడు. ఆయనతో మా మాటలన్నీ బర్మా భాషలోనే, నేను తెలుగులో రాస్తున్నాను.

"తీగ పెంచడం తెలిసిన మనిషి కావాలి," అన్నాడు. సంచిలోంచి వెండిరేకు పొట్లం తీసి, విప్పి, నా అరచేతిలో వంచాడు. ఎండిన పువ్వులు. బొటనవేలి కొనంత ఉన్నాయి, లేతపచ్చ రంగు, రేకు మీద రేకు ఒత్తుగా. నలిపితే లోపలినుంచి పసుపుపచ్చని పొడి రాలింది. వేపపువ్వు చేదు, మామిడికాయ సొన ఘాటు కలిపినట్టు వాసన. వీటిని హాప్స్ అంటారట. బీరుకు చేదు వచ్చేది వీటివల్లేనట. ఇదివరకు చలిదేశాలనుంచి తెప్పించుకునేవాడు. ఇప్పుడు సరుకు రావడమే కష్టమైంది, వచ్చినా రేవులో ఎండకు మగ్గి సగం చచ్చి వస్తోంది. ఇక్కడే పండించి చూద్దామని వేరుముక్కలు తెప్పించుకున్నాడు.

మా ఆడపడుచు పక్కగదిలోనే ఉంటుంది. మనిషి అలికిడి వినిపిస్తే ఆగలేదు. తలుపు దగ్గర తొంగిచూసి, "ఏటొదినా, సారా పువ్వా? ఈ వొయసులో మన సేత సారా పువ్వు పట్టిత్తాడా ఈ మనిసి?" అంది.

"తాగీవోడు ఎలాగా తాగుతాడు. మనకి తీగ పని," అన్నాను.

అప్పుడు చాప మీంచి ఒక చెయ్యి వచ్చింది. "ఇటియ్యమ్మా," అన్నాడు నా కొడుకు. ఒక పువ్వు ఇచ్చాను. నలిపాడు, వాసన చూశాడు, మళ్ళీ చూశాడు. తర్వాత సయాను అడిగాడు, "ఇది పాకుతుందా, చుట్టుకుంటుందా?"

"చుట్టుకుంటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు."

వాడు లేచి కూర్చున్నాడు.

వానలు వెనకపట్టాక పాత ఆకుతోటలోనే నాటారు. మొదటిరోజు సయా చెప్పులతో లోపలికి రాబోతే ఆడపడుచు కేక పెట్టింది. ఆకుతోటలోకి మా వాళ్ళు చెప్పులతో పోరు, స్నానం చెయ్యకుండా పోరు. తీగంటే అమ్మవారే మాకు.

"ఇదేమైనా ఫయానా?" అని సయా నవ్వాడు. బుద్ధుడి గుడిని ఫయా అంటారు.

"నీ బీరు ఫయా కాదు. మా తీగ ఫయానే. విప్పు," అంది ఆవిడ.

సయా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని తోటంతా తిరిగాడు. తిరిగి, పైనున్న గడ్డి పందిరి తీసేయమన్నాడు. తమలపాకు తీగకు నీడే ప్రాణం, ఎండ సూటిగా తగిలితే ఆకు మాడిపోతుంది. దీనికి ఎండే కావాలట. మా మావగారి చేతిమీద కప్పిన పందిరి, ఏటేటా కొత్త గడ్డి వేస్తూ వచ్చింది. నా కొడుకు పైకెక్కి అదంతా లాగి కిందికి తోస్తుంటే కర్రలు మాత్రం ఏరి వంటచెరుకుకు పక్కన పెట్టించాను.

తీగ చిగురించగానే వాడు అరటినారతో తాడుకు కట్టాడు, ఆకుతీగను కట్టినట్టే. సయా వచ్చి విప్పించాడు. కట్టక్కర్లేదు, దానంతటదే ఎక్కుతుందన్నాడు. మర్నాటికల్లా తాడు చుట్టూ తిరిగేసింది. ఆ కాడకు రంపంలాంటి నూగు ఉంటుంది. వాడి ముంజేతుల నిండా ఎర్రటి గీతలు. సాయంత్రం కొబ్బరినూనె రాసుకుంటూ, "పిల్లి నాగ గీకేత్తందమ్మా ఇది," అన్నాడు. ఆ మాట చివర చిన్న నవ్వు వినిపించింది. మనవరాలు చప్పున నా వైపు చూసింది. నేను కూరలో ఉప్పు చూస్తున్నట్టు గిన్నె మీదికి వంగాను.

ఈ తీగతో పెద్ద చిక్కు పగటిపొద్దు. నేను చదివింది గుడి మేడ మీద తెలుగు బడిలో రెండేళ్ళే. పగటిపొద్దు దేశానికో పొడుగు ఉంటుందని ఈ వయసుదాకా తెలియదు. ఆ తీగ పుట్టిన చోట వేసవి పగలు చాలా పెద్దదట. మన దగ్గర పొద్దు తొందరగా వాలిపోతుంది కాబట్టి కాలం అయిపోయిందనుకుని మోకాలెత్తులోనే పూసేసి ఊరుకుంటుంది. అందుకని చీకటి పడే వేళకు దీపాలు వెలిగించి, ఇంకా పగలే ఉందని దాన్ని నమ్మించాలి. సయా తోట పైన తీగెలు లాగి దీపాలు కట్టించాడు. యాంగోన్‌లో కరెంటు సంగతి అందరికీ తెలిసిందే, దాని ఇష్టానికి వస్తుంది, దాని ఇష్టానికి పోతుంది. పోతే బ్యాటరీ, అదీ అయిపోతే జనరేటరు. నా కొడుకు ఆ వేళకు తప్పకుండా అక్కడ ఉండి ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేవాడు.

"పచ్చటి తీగని మోసం సేత్తన్నావేట్రా, పాపం తగుల్తాది," అంది వాళ్ళ మేనత్త.

"నాను తీగని మోసం సేత్తన్నాను, కరెంటోళ్ళు నన్ను మోసం సేత్తన్నారు. సెల్లుకి సెల్లు అత్తా," అన్నాడు.

గెడ్డ గట్టు వైపు ఒక వరుస దీపాలు వారం రోజులు వెలగలేదు. ఆ వరుస నడుమెత్తులోనే పూసేసింది. తక్కిన తీగలు మనిషి ఎత్తు దాటి, పై తీగెను పట్టుకుని, అక్కడినుంచి కిందికి వేలాడాయి. వాడు నాకంటే ముందే లేచేవాడు. నేను కళ్ళు తెరిచేసరికి చాప చుట్టేసి ఉండేది, వాడు మొదటి బస్సుకు వెళ్ళిపోయి ఉండేవాడు. రాత్రి పళ్ళెం తుడిచినట్టు ఉండేది. నాకు మిగల్లేదు. కూతురు దుకాణంలో ఎవరి ఫోను ఏమైందో చెప్తుంటే మధ్యలో ప్రశ్నలు వేసేవాడు. ఇదంతా చూసి సంతోషపడాలి కదా. నాకు మాత్రం భయంగా ఉండేది. మనిషి మొత్తం ఒక తీగకు వేలాడుతున్నాడు, అది తెగితే పట్టుకోవడానికి ఇంకేం ఉందని లెక్క వేసుకునేదాన్ని.

చలికాలం దాటాక దీపాలు ఆర్పేశారు. తీగకు ఇప్పుడు కాలం అర్థమైంది, గుత్తులు గుత్తులుగా పూత దిగింది. తింజాన్ నీళ్ళ పండగకు ముందు, ఎండలు పేలుతున్నప్పుడు కోతకు వచ్చింది. సయా రెండుసార్లు వచ్చి ఏం చెయ్యాలో నిలబెట్టి చెప్పాడు. కోసిన పువ్వు ఆరోజే ఆరాలి. ఎండలో వెయ్యకూడదు, తడి తగలకూడదు, కుప్ప పొయ్యకూడదు. తోట చివర వెదురు గదిలో అంతస్తులుగా వలతట్టలు కట్టించి, కింద వేడిగాలి ఊదే ఫ్యాన్లు పెట్టించాడు. ఆరిన పువ్వును వెండిరేకు సంచుల్లో గాలి లేకుండా అదిమి మూసి, అహ్లోన్‌లో తన మంచుగదికి తీసుకుపోతాడు. అక్కడైతే ఏడాది నిలవ ఉంటుందట. ఆ సంచులు ఎంత గట్టివో. ఒకటి ఇస్తే మిరపకాయలు పోసుకుంటానని అడిగాను, ఇచ్చాడు.

కోత రోజు మా మెట్ల మీది గదుల్లో ఉండే ఆడవాళ్ళందరం వెళ్ళాం. మనవరాలు దుకాణానికి సెలవు పెట్టింది. నా కొడుకు తీగలు కోసి కిందికి దించుతుంటే, మేం చుట్టూ కూర్చుని పువ్వు తుంపి గంపల్లో వేశాం. కాసేపటికే వేళ్ళు జిగురెక్కి నల్లబడ్డాయి. మధ్యలో అన్నం కలుపుకుంటే ముద్ద ముద్దా చేదు.

"ఒలమ్మ, పెళ్ళి పసుపులా కనిపిత్తాది, నోట్లో ఎడితే ఇసం," అని ఆడపడుచు ఉమ్మేసింది. ఆ వాసనకు ఆవిడకు కునుకు వస్తోంది. అయినా నోరు ఆగదు. "ఒలే గుంటా, నీ పెళ్ళికి ఈ పూల దండే ఏయిత్తాను. పెళ్ళికొడుకు మండపంలోనే తూలి పడిపోతాడు."

"పడనీ మామ్మా. నిద్దర్లో ఉంటే అడిగిందానికల్లా తలూపుతాడు, ఓకే," అంది మనవరాలు. అందరూ నవ్వారు. తీగల అవతలనుంచి వాడూ నవ్వాడు, బిగ్గరగా.

మధ్యాహ్నానికి మొదటి తట్టలు ఆరాయి. వాడు గుప్పెడు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. నా చెవి దగ్గర నలిపాడు, కాగితం నలిగినట్టు చప్పుడు. ముక్కు దగ్గర పెట్టాడు.

"సూడమ్మా. సయా తెచ్చిందానికి దీనికి ఏటైనా తేడా ఉందేటి?"

లేదు. అదే వేప, అదే మామిడి సొన. పైగా ఇది ఇంకా ఘాటుగా ఉంది.

"పని సూసుకో. కబుర్లు తరవాత," అన్నాను. వాడు నవ్వుతూనే వెళ్ళాడు.

తర్వాత కాసేపటికే ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయింది. కరెంటు పోయింది. జనరేటరు లాగితే కొంతసేపు ఆడి, దగ్గి, ఆగింది. వాడు విప్పి తుడిచాడు, మళ్ళీ లాగాడు. రాలేదు. సయాకు ఫోను చెయ్యమంటే మనవరాలు ప్రయత్నించింది. కరెంటు పోతే మా వైపు ఫోను కూడా పలకదు. గెడ్డ మీది వంతెన వైపు వెళ్తే అందుతుందేమో అని అది రోడ్డుకు పరిగెత్తింది.

తట్టల మీది పువ్వు సగం ఆరి సగం పచ్చిగా ఉంది. కోసిన పువ్వు గంపలు గంపలుగా ఉంది. ఎండ మండిపోతోంది. వాడు గంపల మధ్య నిలబడి ఒకసారి ఆకాశంకేసి చూశాడు. తర్వాత వాడి చేతులు కదిలాయి. అరటాకులు కోసుకొచ్చాడు. గంపల లోపల చుట్టూ పరిచాడు. పువ్వు అందులో అదిమి సర్దాడు. పైన నీళ్ళు చిలకరించాడు. గోనెసంచులు గెడ్డలో ముంచి పిండి, ఒక్కో గంప మీద ఒక్కోటి కప్పి, నీడన వరసగా పెట్టాడు. ఎంత చకచకా చేశాడో. కోసిన తమలపాకు వాడకుండా ఉండాలంటే అలాగే చేస్తాం. మా అత్తగారు అలాగే చేసింది, ఆవిడ అత్తగారూ అలాగే చేసింది. అక్కడున్నవాళ్ళం అందరం ఆకు పనివాళ్ళమే. ఎవరికీ అది తప్పుగా తోచలేదు. ఆడపడుచు లేచి ఒక గోనె అంచు సరిచేసి కూడా వచ్చింది.

కరెంటు ఆ సాయంత్రం రాలేదు. సయా ఫోనుకు అందలేదు. తెల్లారాక నేనూ మనవరాలూ వాడి వెంట వెళ్ళాం. వాడు మొదటి గంప దగ్గర కూర్చుని గోనె కిందికి చెయ్యి పోనిచ్చి, చటుక్కున లాగేసుకున్నాడు.

"ఏటైందిరా?"

"కాల్తందమ్మా."

నేను పెట్టి చూశాను. అప్పుడే గంజి వార్చిన అన్నంలో వేలు పెట్టినట్టు ఉంది. గోనె తీస్తే ఆవిరి లేచింది. పైన పచ్చగానే ఉంది, లోపల అంతా గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి, బూజు దారాలు పట్టింది. పులిసిన గంజి, చెమట చొక్కా కలిసిన కంపు. రెండో గంప అంతే. మూడోది అంతే. వాడు వరసన అన్నీ తీసి చూశాడు, చివరిదాకా చూశాడు. వెదురు గదిలో తట్టల మీదిది కూడా చెమ్మగిల్లి రంగు మారింది.

"నానా, తడపొద్దని సయా సెప్పాడు కదా?" అంది మనవరాలు. గట్టిగా అనలేదు.

"సెప్పాడే. నాకు తెలుసు. ఈటికి తెలీలేదు," అని వాడు తన చేతులు చూసుకున్నాడు. వేరేవాళ్ళవి చూస్తున్నట్టు చూశాడు.

సయా మధ్యాహ్నం వచ్చాడు. గేటు దగ్గరే చెప్పులు విప్పాడు. గంపలు చూశాడు. ముందురోజు మొదట ఆరిన కాస్త పువ్వు ఒక చేటలో విడిగా ఉంది. దాన్ని నలిపి వాసన చూశాడు. ఒక్క వెండిరేకు సంచిలో అడుగుకు కూడా చాలలేదు అది.

"చాలా మంచి పువ్వు," అన్నాడు. "నేను కొన్నదానికంటే మంచిది."

ఆయన తిట్టినా బాగుండేది. ఆ మాటతో నా కొడుకు భుజాలు కిందికి జారిపోయాయి. ఎరువుకైనా పనికొస్తుందా అని నేను కుళ్ళిన గంపలు చూపించి అడిగాను.

వాడు ఇంటికి వచ్చి స్నానం చేసి పడుకున్నాడు. అలసిపోయి పడుకోవడం వేరు. తల్లికి తెలుస్తుంది. తెల్లారి లేవలేదు. నీళ్ళ పండగ వచ్చింది, వీధిలో పిల్లలు అరుచుకుంటూ నీళ్ళు చల్లుకుంటున్నారు, మా కిటికీలోకి కూడా చిమ్మారు. వాడు పక్కకైనా ఒత్తిగిలలేదు. నేను తిట్టాను. పాత తిట్లు అయిపోయాయి, కొత్తవి తిట్టాను. ఒకరోజు మెత్తగా ఏదైనా చెప్దామని చాప పక్కన కూర్చున్నాను. కూర్చుని కూర్చుని, "గెడ్డం గీసుకో, సూడలేకపోతన్నాను," అని లేచి వచ్చేశాను.

ఆడపడుచు కూడా ఈ గదిలోకి వస్తే గొంతు తగ్గించుకుంటోంది. అది నాకు మరీ అన్యాయంగా అనిపించింది.

వానలు మొదలయ్యాక సయా మళ్ళీ మెట్లెక్కి వచ్చాడు. తడిసిన గొడుగు గుమ్మం బయట పెట్టి, నేల మీద కూర్చున్నాడు. టీ ఇచ్చాను.

"వేర్లు బతికే ఉన్నాయి," అన్నాడు. నాతోనే అంటున్నాడు, చాప దాకా వినపడేలా అంటున్నాడు. "కోసేసిన మొదళ్ళలోంచి చిగుళ్ళు వస్తున్నాయి. ఈసారి ఎండబెట్టే గదికి సోలారు పెట్టిస్తాను, కరెంటుతో పని లేకుండా. వేరేవాళ్ళను పెట్టి చూశాను. తీగ వాళ్ళ మాట వినడం లేదు. ఈయనే రావాలి."

నా కొడుకు వెల్లకిలా పడుకుని మోచెయ్యి కళ్ళ మీద వేసుకున్నాడు. ఊపిరి బట్టి తెలుస్తూనే ఉంది, మెలకువగా ఉన్నాడు. సయా ఆగాడు. టీ చల్లారిపోయింది. వాన పెద్దదై మళ్ళీ తగ్గింది.

"నిద్రపోతున్నాడు," అన్నాను నేను.

"అవును," అన్నాడు సయా. "లేచాక చెప్పండి."

"చెప్తాను."

ఆయన చల్లారిన టీ మొత్తం తాగి, గ్లాసు నా చేతికిచ్చి దిగిపోయాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు కింది అంతస్తు దాటాక మోచెయ్యి కిందినుంచి మాట వచ్చింది.

"ఎల్లిపోయాడా?"

"ఎల్లిపోయాడు."

"ఆ ఏర్లు తవ్వీసి ఇంకెవుడికైనా ఇచ్చుకోమనమ్మా."

"నువ్వే లెగిసెల్లి సెప్పు."

నేను గ్లాసు కడిగి బోర్లించాను. బియ్యం ఏరాను. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరాను.

సాయంత్రం మనవరాలు తడిసి ముద్దై వచ్చింది. సయా వచ్చిన సంగతి కింద ఎవరో చెప్పారట. జడ కూడా పిండుకోకుండా, ఆయాసపడుతూ, నా చెవి దగ్గరకు వచ్చి అడిగింది, "మామ్మా, సయా వొచ్చాడంట కదా? నానేటన్నాడు?"

దాని కళ్ళు మళ్ళీ ఆశతో వెలుగుతున్నాయి. చూసి నాకు ఒళ్ళు మండింది.

"తల తుడుసుకో ముందు," అన్నాను. "అన్నం ఎడతాను."